ఆయుధపూజ నాటి పాస్‌వర్డ్

"ఆ పాస్‌వర్డ్ మార్చావు కదా?"

ధార్వాడ రహస్య కార్యాలయంలో చీఫ్ నాడగౌడ సూటిగా అడిగాడు. ఎదురుగా ఏజెంట్ మృత్యుంజయ హావనూర్ కూర్చుని ఉన్నాడు.

"ఇవాళ మూడింటికి ముఠా వాళ్లు డ్యామ్ లాగిన్ సర్వర్‌ను పడగొడతారు. సర్వర్ పలక్కపోతే గేట్లకు కమాండ్లు చేరవేసే రౌటర్లు ఏం చేస్తాయి?"

"వాటిలోనే దాచిన లోకల్ పాస్‌వర్డ్ అడుగుతాయి సార్. అది చెప్పినవాణ్ణి లోపలికి రానిస్తాయి. మనవాళ్లు బయటే ఇరుక్కుపోకూడదని నేనే పెట్టాను."

"అది తెమ్మని తారిణిని అడిగారట."

తారిణి కామత్ ఆ విదేశీ ముఠాలో మన మనిషి. జూకాల్లో ట్రాన్స్‌మిటర్, పెదవులపై కస్టమ్స్ వాళ్లను మైమరపించే నవ్వు. ఆరేళ్ల కిందట మృత్యుంజయ డ్యామ్‌లో నెట్‌వర్క్ వేసినప్పుడు ఆమె పక్కనే ఉంది. అప్పటి పాస్‌వర్డ్ ఆమెకు తెలుసు.

స్పీకర్‌లో ఆమె గొంతు పలికింది. "పాతది వాళ్ల మొహాన కొడతాను. వాళ్లు దాంతో కుస్తీ పడుతుంటే ఎక్కణ్ణుంచి వస్తున్నారో మీరు పట్టేయండి. కానీ మృత్యుంజయా, అది నిజంగా పాతదేనా?"

ఏటా ఆయుధపూజ రోజు మార్చాలన్నది రూలు. మొత్తం ఇరవై ఏడు రౌటర్లు. అతను ఏటా వాటికి కుంకుమ బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టించి, 'మార్చడమైనది' అని రిజిస్టర్‌లో సంతకం గీకి, బొరుగుల పొట్లం పట్టుకుని ఇంటిదారి పట్టేవాడు. కీబోర్డు ముట్టిన పాపాన పోలేదు.

"మార్చకేం! ఏటా మారుస్తున్నాను," అన్నాడు. అంటూంటేనే సిగ్గుతో చెవులు కాలిపోయాయి. మూడింటిలోపు వెళ్లి నిజంగానే మార్చేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు.

లైన్‌మ్యాన్ వేషంలో జీపెక్కాడు. దారి పొడవునా జాతర బళ్లే. డ్యామ్ దిగువన, ఎండిన ఏటి ఇసుకలో, వేల మంది పిల్లాపాపలతో గుడారాలు వేసుకుని ఉన్నారు. వాళ్లను చూశాక అతను జీపు వేగం పెంచాడు.

కంట్రోల్ రూమ్ చేరేసరికి మూడు దాటి ఏడు నిమిషాలైంది. డ్యూటీ ఇంజినీర్ శైలజా బెటగేరి ఎదురు పరుగెత్తుకొచ్చింది.

"సార్, సర్వర్ పోయింది! నా లాగిన్ చెల్లట్లేదు. ఎవడో దూరి గేట్లన్నీ ఎత్తమని కమాండ్ ఇచ్చాడు. ప్యానెల్‌లో టైమర్ చూడండి, రెండు నిమిషాలే! లాకర్లో మీ కొత్త పాస్‌వర్డ్ కవరుంది కదా, తెస్తానుండండి."

తాళంచెవి తీసుకుని కదిలింది. ఆపితే పరువు పోతుంది. ఆపకపోతే కింద జనం పోతారు. అయినా అతనికి వెంటనే నోరు పెగల్లేదు. ఆ తర్వాత తలుచుకున్నప్పుడల్లా అతన్ని తినేసింది ఆ ఆలస్యమే.

"ఆగమ్మా. కవరు ఖాళీది. మొదట్లో పెట్టిన పాస్‌వర్డే కొట్టు."

"మొదటిదా? దసరాకు మార్చారు కదా సార్? సంతకం కూడా పెట్టారు!"

"సంతకమే పెట్టాను."

శైలజ అతని వంక ఒక్క చూపు చూసి కుర్చీలో కూలబడింది. అతను చెప్పాడు, ఆమె కొట్టింది. గేట్ల రౌటర్ లోపలికి రానిచ్చింది. శైలజ దూరినవాణ్ణి గెంటేసింది, పాస్‌వర్డ్ మార్చింది, కమాండ్ రద్దు చేసింది. టైమర్ నాలుగు సెకన్ల దగ్గర ఆగింది.

మార్చడానికి పట్టింది యాభై సెకన్లు. ఆరేళ్లుగా అతనికి తీరిక దొరకని యాభై సెకన్లు.

సాయంత్రం చీఫ్ ముందు నిలబడి మొత్తం కక్కేశాడు. నాడగౌడ లేచి తలుపు గడియ వేశాడు.

"తారిణి ఇచ్చిన పాస్‌వర్డ్ పనిచేసినప్పుడే నాకు అర్థమైంది. అది పనిచేసింది కాబట్టి ముఠా ఇప్పుడు ఆమెను నెత్తిన పెట్టుకుంది. నీ మీద విచారణ పెడితే ఆమె మన మనిషన్న సంగతి బయటికి పొక్కి ప్రాణం పోతుంది. అందుకని ఇదంతా నువ్వు ఆరేళ్ల ముందుచూపుతో పన్నిన వల అని ఢిల్లీకి రహస్యంగా రాశాను. పతకం ఇస్తారట. నోరు మూసుకుని తీసుకో."

శాఖ లోపలి సభలో పతకం తగిలిస్తున్నంతసేపూ మృత్యుంజయ తల ఎత్తలేదు. ఎంత వినయమో అని హాలంతా చప్పట్లు కొట్టింది, మూడో వరుసలో కూర్చున్న శైలజ తప్ప.