రాజమణి రాతితొట్టి

పాలకుర్తి దిక్కు పోయే మట్టిబాట పక్కన పాత చాకిరేవు ఒకటుంది. పొద్దుగూకినంక అటు దిక్కు ఎవ్వరూ పోరు. ఎందుకంటే... రాజమణి ఉంటదక్కడ.

రాజమణి బతికున్నప్పుడు ఊరి బట్టలుతికేది. దొరింట్ల పట్టుచీర పోయిందని ఆమెకు దొంగతనం అంటగట్టిన్రు. ఆమె రేవుకాడి రాతితొట్టి మీద చెయ్యి పెట్టి, "దొంగెవరో ఈ నీళ్లే చెప్తయి" అన్నదట. తెల్లారేసరికి ఆ తొట్టి పక్కన్నే సచ్చి పడున్నదట. అప్పట్నుంచి దొంగ చెయ్యి పెడితే ఆ నీళ్లు నెత్తురైతయని చెప్పుకుంటరు. చూసినోడు లేడు. చూస్తానికి పోయినోడూ లేడు.

అసొంటి జాగను, భూముల లెక్కలు చూసే గిర్దావర్ ఎల్లస్వామి ఏరికోరి పట్టుకున్నడు. ఎందుకు? లంచం తీస్కునేటందుకు! నవ్వకుర్రి, నిజంగనే.

సకల జనుల సమ్మె రోజులవి. ఆఫీసులకు తాళాలు. ఎల్లస్వామి పొద్దంత టెంటు కింద గొంతు పోయేదాక "జై తెలంగాణ" అనేటోడు. చీకటి పడంగనే రైతులకు ఫోన్లు చేసేటోడు. "సమ్మె ఒడవంగనే పాత తారీఖేసి నీ పని చేస్త. పైసలు మాత్రం ఇయ్యాల్నే" అనేటోడు. సిగ్గుండాలె మనిషికి!

ఏసీబీ అంటే మాత్రం వానికి పాణం మీది భయం. వాళ్లు నోట్లకు కనపడని పొడి రాసి పంపుతరని, అది చేతులకంటి దొరికితే నౌకరీ పోయినట్టేనని ఎవరో చెప్పిన్రు. రిటైరుకు రెండేండ్లే ఉన్నది. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నడు — పైసలు ఒంటి మీద ఉంచుకోడు, రేవు గోడ సందుల దాస్తడు. వెంటనే, వెంట తెచ్చుకున్న సీసాల నీళ్లతోని చేతులు కడుక్కుంటడు. దయ్యానికి జడిసి ఏసీబోళ్లు ఆ రేవుకు రారని వాని ధీమా.

ఆ రాత్రి తుల్సీబాయి వచ్చింది. బోడగుట్ట తండా ఆమెది. మొగడు పోయి ఏడాదైంది. వాని పేరు మీదున్న మూడెకరాలు ఆమె పేరుకెక్కాలె. ఎక్కకుంటే మరిది గుంజుకునేటట్టున్నడు. ఎల్లస్వామి ఐదువేలు అడిగిండు.

"తెచ్చినవా?"

"తెచ్చిన బాపూ... నా భూమి నాకైతదా?"

"మెల్లగ మాట్లాడు! అయితది. ఇటియ్యి."

ఆమె కొంగు ముడి విప్పి నోట్లు తీసింది. ఇచ్చింది. చీకట్లనే వేళ్లతోని లెక్కపెట్టుకున్నడు. ఆమెను పొమ్మన్నడు. గోడ సందుల నోట్లు కుక్కి, సీసా అందుకున్నడు...

సీసా తేలికగ ఉన్నది. మూత వదులై నీళ్లన్ని బాటలనే కారిపోయినయి.

సరే, ఇంటికి పోయి కడుక్కుంటనని లేచిండు. అప్పుడే —

దబ్...

ఆగిండు. చెవులు రిక్కించిండు.

దబ్... దబ్...

తడిబట్ట బండకేసి కొట్టినట్టు. కప్పలు దుంకుతున్నయేమో అనుకున్నడు. కప్పలు గిట్ల దుంకుతయా?

అంతల బాట మీద జీపు చప్పుడైంది. దగ్గరికొచ్చింది... ఆగింది. లైట్లు ఆరినయి.

ఏసీబీ! ఇంకేముంది, పై పాణాలు పైన్నే పోయినయి. ఈ చేతులతోని దొరికితే ఖతం. నౌకరీ, పింఛను, ఇజ్జతు — అన్నీ పాయె. కడుక్కోవాలె, ఇప్పుడే కడుక్కోవాలె. పక్కన్నే రాతితొట్టి, నిండుగ వాననీళ్లు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

"రాజమణీ... తల్లీ... జర చూసీ చూడనట్టు పో..." అని గొణుక్కుంట రెండు చేతులు ముంచిండు. రుద్దిండు, మళ్ల రుద్దిండు. నీళ్లు జిగటగ తగిలినయి. ఫోను లైటు కొట్టిండు.

ఎరుపు.

నీళ్లు ఎర్రగ... చేతులు ఎర్రగ... వేళ్ల సందులకెల్లి ఎర్రెర్రగ కారుతున్నది.

"అవ్వో!" అని ఒక్క కేకేసి ఉరికిండు. ఎటు ఉరుకుతున్నడో సోయి లేదు. చెప్పు తెగింది, ఫోను పడిపోయింది. తిన్నగ పోయి ఆ జీపు మీదనే పడ్డడు. ఆ జీపు నిజంగనే ఏసీబోళ్లది. తుల్సీబాయే ముందుగాల వాళ్లకు ఫిర్యాదు చేసింది, ఆమె పిలుపు కోసం చూస్తున్నరు. వాళ్లూ మనుషులే గదా, రేవుల దిగుమంటే ఒక్క జవాను కాలు కింద పెట్టలేదట.

"సార్! నీళ్లు నెత్తురైనయి! నేను ఐదువేలే తీస్కున్న సార్... చీర నేను తియ్యలే!"

పెద్ద సారుకు నవ్వాగలేదంటరు. నోట్లకు రాసింది ఒక తీరు పొడి. అది సోడా కలిసిన నీళ్లల్ల పడితే ఎర్రబడుతది. సబ్బుల్లేని కాలంల రాజమణి సోడా గుణమున్న సౌడు మట్టితోనే బట్టలు నానబెట్టేది. ఆ సౌడు తొట్టి అడుగున గడ్డకట్టి, వానకు కరిగింది. అంతే సంగతి. ఆ ఎర్రనీళ్లు సీసాల పోసి సీలేసిన్రు. గోడ సందులకెల్లి నోట్లు తీసిన్రు.

కేసు కోర్టుల నాలుగేండ్లు నడిచింది. రాష్ట్రమొచ్చింది. తుల్సీబాయి భూమి కాగితం మాత్రం కేసు తేలేదాక ఆఫీసు బీరువాలనే ఉన్నది. వాయిదా వాయిదాకు కూలి పోగొట్టుకొని వచ్చేది పాపం. "నోట్లు గోడల దొరికినయి, నా జేబుల కాదు. భయానికి ఏదో వాగిన" అన్నడు ఎల్లస్వామి. ఇగ సాక్ష్యంగ మిగిలింది ఆ ఎర్రనీళ్ల సీసా ఒక్కటే.

ఒక వాయిదా రోజు కోర్టుల ఆ సీలు విప్పిన్రు. నీళ్లు తెల్లగున్నయి. ఏండ్ల మీద రంగు విరిగిపోయింది.

"ఎరుపేదండీ?" అన్నడు వాని వకీలు, నవ్వుకుంట. తుల్సీబాయి కుర్సీల ముందుకు జరిగింది. వీడు బయటపడితే తన మూడెకరాలు మన్నుల కలిసినట్టే. ఆమె ఎల్లస్వామి దిక్కు చూసింది.

బోనుల వాడు కట్టె లెక్క బిగుసుకపోయిండు. సీసానే చూస్తున్నడు. రెండు చేతులు అంగికి తుడుసుకుంటున్నడు... తుడుసుకుంటనే ఉన్నడు.

"మూత పెట్టుర్రి..." అన్నడు మెల్లగ.

"ఏంది?" అన్నడు జడ్జి.

"మూత పెట్టుర్రి సార్! పొంగుతుంది... నెత్తురు బల్ల మీదికొస్తుంది! తీస్కున్న... ఆమెకాడ తీస్కున్న, అందరికాడ తీస్కున్న... జర ఆమెను ఆగుమనుర్రి!"

"ఎవర్ని?"

ఎల్లస్వామి వేలు చూపెట్టిండు. అందరూ తలలు తిప్పి చూసిన్రు. తుల్సీబాయి పక్కన ఖాళీ కుర్సీ ఉన్నది.