బ్యారెల్‌లో నిలవని గోళీ

"నంబర్ ప్లేట్లు అడవిలో మార్చేస్తారు. టార్పాలిన్ మీద పసుపు మచ్చ పడకపోతే అవతలి చెక్‌పోస్టులో ఆ లారీని ఎవరూ గుర్తుపట్టలేరు," అంది హెడ్‌క్వార్టర్స్ పంపిన స్పెషలిస్టు ప్రమీలారాణి. సిల్కు చీర, నల్ల కళ్ళద్దాలు, ఆమడ దూరం కొట్టే సెంటు.

ఫారెస్టు గార్డు వేషంలో ఉన్న ఏజెంట్ రామ్‌చందర్ ముఖం చిట్లించాడు. మణుగూరు అడవిలోని రహస్య ల్యాబ్ ప్లాన్లను ఓ ఇంటిదొంగ విదేశీ ముఠాకు అమ్మాడు. అవి వెదురు లారీలో పోతున్నాయి. ఇక్కడే ఆపితే అవతల అందుకునేవాళ్ళు జారుకుంటారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళంటే అతనికి పరమ అసహ్యం.

ఆమె పెట్టె తెరిచింది. రంగు గోళీలను గ్యాస్‌తో పేల్చే పెయింట్‌బాల్ మార్కర్. రెండడుగుల బ్యారెల్ తళతళలాడుతోంది.

"ఇంపోర్టెడ్. బ్యారెల్ ఎంత పొడుగైతే గురి అంత బాగుంటుంది. పొద్దున నేనే టెస్ట్ చేశాను. ఒక్కటీ తప్పలేదు."

రామ్‌చందర్ ఆమె పెట్టెలోని ఓ గోళీని బ్యారెల్‌లో వేసి వంచాడు. అది జారి అరచేతిలో పడింది. నోటితో ఊదితే గానీ కదలకూడని గోళీ! ఇంత వదులైతే గ్యాస్ పక్కల నుంచి పోతుంది, ఏ గోళీ దారి దానిదే. ఒక్కటీ తప్పలేదట! అబద్ధం. ఆమె సెంటు అతనికి ఒక్కసారిగా కంపు కొట్టింది.

సంచిలోంచి చెట్లకు గుర్తులు పెట్టే పాత పొట్టి మార్కర్ తీశాడు. అదే గోళీ అందులో బిగువుగా నిలిచింది. ఊదితే టప్పున బయటికొచ్చింది.

"ఏంటా తుప్పు ముక్క?"

"అవ్ మేడమ్. గిది చేతికి అలవాటైంది."

ఎండకు వేడెక్కి ప్రెషర్ మారకుండా గ్యాస్ సిలిండర్‌కు తడి తువ్వాలు చుట్టి, పొద మాటున కూర్చున్నాడు.

లారీ మలుపు తిరిగింది. రామ్‌చందర్ ట్రిగ్గర్ మీద వేలు పెట్టాడు.

"పాము!" అని అరిచిందామె.

అతను కదల్లేదు. టార్పాలిన్ మీద పసుపు చిట్లింది. వెనక్కి తిరిగేసరికి ఆమె లారీ వెనకే వచ్చిన భద్రాచలం బస్సు కోసం పరుగెడుతోంది. రెండో గోళీ ఆమె నడివీపున పగిలింది. అయినా బస్సెక్కేసింది.

రామ్‌చందర్ వైర్‌లెస్ అందుకున్నాడు. "పసుపు పడ్డది. లారీ మీద ఒకటి, బస్సుల ఒకటి. జల్దీ!"

సాయంత్రానికి ముఠా, ప్లాన్లు, ప్రమీలారాణి అంతా దొరికారు.

"ఆ తుప్పు ముక్కతోనా!" పళ్ళు నూరిందామె.

రామ్‌చందర్ పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

"దేశానికి ద్రోహం చేసినా, మేడమ్, నా గన్‌కు సరిపోయే గోళీలు మాత్రం ఏరి తెచ్చిండ్రు."