బొడ్డు సర్దిన చెయ్యి

దెయ్యాలు రాత్రిపూటే తిరుగుతాయని ఎవరు చెప్పారో గానీ, వాళ్ళు గోదావరి లంకల్లో శ్రావణమాసం చూసి ఉండరు. ముసురు పట్టిందంటే మిట్టమధ్యాహ్నానికీ మసకచీకటికీ తేడా తెలియదు. తాటాకు చూరు నుంచి ధార తెగదు. ఏరు ఎర్రగా పొంగి గట్టును ఒరుసుకుంటూ పోతుంది. రేవులో పడవ నాలుగు రోజులు కదలదు. ఎవరికి ఏ ఆపద వచ్చినా ఆ నాలుగు గోడల మధ్యే తేలాలి.

పైడమ్మ సంగతి అలాంటి పట్టపగలే జరిగింది. ధవళేశ్వరంలో దొరలు ఆనకట్ట కట్టిస్తున్న రోజులవి. కపిలేశ్వరపురానికి ఎదురుగా ఉన్న లంకలో ముప్పై పడవవాళ్ళ ఇళ్ళుండేవి. చివరిది పైడమ్మ ఇల్లు. బొడ్డు సర్దడంలో ఆవిడది చెయ్యి తిరిగిన పని. కడుపునొప్పి అంటే చాలు, బొడ్డు జారిందనేవారు అప్పట్లో. పైడమ్మ రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు మీద పిండిముద్ద ఉంచి, అందులో వత్తి వెలిగించి, పైన చెంబు బోర్లించేది. వత్తి ఆరగానే చెంబు కడుపును గట్టిగా పట్టేది. అది ఊడివచ్చాక వేడి ఆముదంతో కడుపంతా తోమి, గిద్దెడు ఆముదం తాగించి పంపేది. నూటికి తొంభైమంది లేచి నడిచిపోయేవారు. వాళ్ళు ఊరికే పడుకున్నా లేచేవారే అనుకోండి. కానీ పేరు మాత్రం పైడమ్మది. కొత్తపేట నుంచి కూడా జనం వచ్చేవారు. ఆ పేరంటే ఆవిడకు ప్రాణం.

"యముడొచ్చినా నా చెంబు ఊడేదాకా గుమ్మంలో నిలబడాల్సిందే," అనేది నవ్వుతూ.

ఆ రోజు నులకమంచం మీద పడుకున్నవాడు ఆవిడ ఒక్కగానొక్క కొడుకు సింహాద్రి. ఇరవై రెండేళ్ళవాడు. ఆనకట్టకు రాయి చేరవేసే పడవ మీద పని. ముందు రోజు సాయంత్రం బొడ్డు చుట్టూ సన్నగా నొప్పిగా ఉందన్నాడు. అన్నం సహించలేదు. తరవాణి తాగితే అదీ కక్కేశాడు. తెల్లారేసరికి నొప్పి బొడ్డు వదిలి కుడివైపు దిగువకు జారి, అక్కడే మకాం వేసింది. ఒళ్ళు వెచ్చబడింది. కుడికాలు చాపలేక ముడుచుకుని పడుకున్నాడు. దగ్గు వస్తే పళ్ళు బిగబట్టి కళ్ళు మూసుకుంటున్నాడు.

ఇప్పటివాళ్ళం దాన్ని ఇరవైనాలుగు గంటల నొప్పి అంటాం. పెద్దపేగు మొదట్లో వేలెడంత తోక ఉంటుంది. అది వాచి చీముపడుతుంది, ఆలస్యమైతే లోపలే పగులుతుంది. సమయానికి కోసి తీసేస్తే మనిషి వారం పదిరోజుల్లో లేచి తిరుగుతాడు. ఆ కోత ఎరిగినవాళ్ళు అప్పుడు ఈ చుట్టుపక్కల లేరు. ఏమీ పెట్టకుండా, కదపకుండా వదిలేస్తే కొందరు, లోపలిది లోపలే గడ్డకట్టి, బతికి బట్టకట్టేవారు. తోమినా, విరేచనానికి ఇచ్చినా అంతే సంగతులు. ఈ మాట పైడమ్మకు చెప్పేవాళ్ళెవరు?

కోడలు ముత్యాలు చెప్పింది, తెలిసి కాదు, చూడలేక. మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని, "అత్తా, కదలకుండా ఉంటే కాస్త నయంగా ఉందంటన్నారండీ. ఏరు తియ్యగానే వైద్యుడి దగ్గరికి తీసుకెళదాం. అందాకా ముట్టుకోకండి," అంది.

"లంకంతా నా గుమ్మానికొస్తే, నేను నా కొడుకునేసుకుని ఇంకోడి గుమ్మానికెళ్ళాలా? ఆముదం వెచ్చబెట్టు."

"ఆయ్," అంది ముత్యాలు, గొంతులోనే.

పైడమ్మ పిండిముద్ద పెట్టింది. వత్తి వెలిగించింది. చెంబు ఎత్తేలోపలే ఆరిపోయింది. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆరింది. గాలి లేదు. మూల దీపం నిటారుగా వెలుగుతూనే ఉంది. మూడోసారి చేత్తో కాపు కాసింది. ఆ అరచేతి లోపల, ఎవరో దగ్గరగా వంగి ఊదినట్టు... చల్లగా తగిలింది.

అప్పుడు వచ్చింది వాసన. పొయ్యి మీది వేడి ఆముదం వాసన కాదు. ఏడాదిగా మూత తియ్యని కుండలోంచి వచ్చే ముక్కిపోయిన వాసన. మంచం అవతలి పక్కన నులక కిర్రుమంది. అక్కడ ఎవరూ లేరు. కానీ నులక మెల్లగా కిందికి దిగింది... ఎవరో కూర్చున్నట్టు.

"ఏంటత్తా, అలా చూస్తన్నారు?" అంది ముత్యాలు.

"ఏం లేదు. నువ్వు కాళ్ళు పట్టుకో."

పైడమ్మ వత్తి వదిలేసి, చేతికి ఆముదం రాసుకుని కొడుకు కడుపు మీద పెట్టింది. కుడిపక్క గట్టిగా బిగిసి ఉంది. నొక్కింది. సింహాద్రి మూలిగాడు. వేలు తీసేసరికి కెవ్వుమన్నాడు. మళ్ళీ నొక్కబోయింది. ఆవిడ చేతి మీద ఇంకో చెయ్యి పడింది. చిన్నది. తడిగా ఉంది. మంచులా ఉంది.

"వద్దు పిన్నీ..."

ఆ గొంతు పైడమ్మకు తెలుసు. పక్కింటి సత్తియ్య పెళ్ళాం చిన్నతల్లిది. కిందటి ఫాల్గుణంలో ఇదే నొప్పితో, ఇదే మంచం మీద పడుకుంది. తోముతుంటే వద్దు వద్దని చేతులు పట్టుకుని ఏడ్చింది. ఉన్నట్టుండి ఏడుపు ఆపి, "పోయింది పిన్నీ, నొప్పి పోయింది," అంది. నవ్వుకుంటూ ఇంటికెళ్ళి అన్నం తింది. మూడో నాడు కడుపు చెక్కలా బిగిసి చచ్చిపోయింది. అత్తగారు పెట్టిన పనసతొనలు తినే పోయిందని పైడమ్మ లంకంతా చాటింది. తొనలు ఎవరూ పెట్టలేదు. ఆ సంగతి చాటిన మనిషికే తెలుసు.

పైడమ్మకు కోపం వచ్చింది. పగబట్టి వచ్చింది. నా కొడుకును తీసుకుపోవడానికే నా చెయ్యి ఆపుతోంది. ఆవిడ అనుకున్నది అదే. ఇంకోలా అనుకోవాలంటే ఫాల్గుణంలో ఆ పిల్లను చంపినది తన చెయ్యేనని ఒప్పుకోవాలి. అది ఆవిడ వల్ల కాలేదు.

"ముత్యాలూ! నిప్పులు తే. ఎండుమిరపకాయలు తే!"

ఇల్లంతా ఘాటు కమ్మింది. సింహాద్రి దగ్గాడు. దగ్గినప్పుడల్లా గొంతు చించుకుని అరిచాడు. ముత్యాలు, "ఆపండత్తా, మీకు పుణ్యముంటుంది," అని అత్తగారి కాళ్ళు పట్టుకుంది. పైడమ్మ వినలేదు. వేపమండతో మంచం చుట్టూ కొట్టింది.

"పోతావా... పోవా?"

నులక మెల్లగా పైకి లేచింది. చేతి మీద చలి తగ్గింది. గుమ్మం దాకా నేల మీద తడి అడుగులు పడ్డాయి. అంతే.

పైడమ్మ ఊపిరి పీల్చుకుంది. గెలిచాననుకుంది. రెండు బొటనవేళ్ళూ కుడిపక్కన ఆనించి, బలమంతా పెట్టి తోమింది.

వేళ్ళ కింద ఏదో... విడిపోయింది.

సింహాద్రి అరుపు సగంలో ఆగిపోయింది. ఇల్లు నిశ్శబ్దమైంది. చూరు నీళ్ళు మాత్రం పడుతున్నాయి. వాడు కళ్ళు తెరిచాడు. కుడికాలు నెమ్మదిగా చాపాడు. నవ్వాడు.

"పోయిందమ్మా. నొప్పి పోయింది. ఆకలేస్తంది."

ముత్యాలు అత్తగారి కాళ్ళ మీద పడి ఏడ్చింది. "మీ చెయ్యి దేవుడి చెయ్యండీ," అని వంటింట్లోకి పరిగెత్తింది.

పైడమ్మ కదల్లేదు. ఆ మాట, ఆ నవ్వు... నోరు తెరిచి అన్నం వద్దు అనాలనుకుంది. కొడుకు మొహం చూస్తుంటే ప్రాణం నిలువునా చీలిపోతున్నట్టుంది. చూడలేక గుమ్మం వైపు తిరిగింది.

బయట అరుగు మీద చిన్నతల్లి కూర్చుని ఉంది. పగ లేదు ఆ మొహంలో. కొంగు నోట్లో కుక్కుకుని, చావింట్లో ఆడవాళ్ళు ఏడ్చినట్టు ఏడుస్తోంది. ఒక్కతే కాదు. ఆమె పక్కన ఇంకొకరు. ఆ పక్కన ఇంకొకరు. కొత్తపేట నుంచి వచ్చిన ముసలాయన. ఎవరి చంకలోనో వచ్చిన పసివాడు. అరుగు చివరిదాకా వరసగా ఉన్నారు. అందరినీ పైడమ్మ గుర్తుపట్టింది. అందరూ నయమైందని నవ్వుతూ ఇళ్ళకు వెళ్ళినవాళ్ళే. తరవాత వాళ్ళేమయ్యారో ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

వాళ్ళు ఒకరి తరవాత ఒకరు... నెమ్మదిగా... పక్కకు జరిగారు.

"ఎవరమ్మా వాళ్ళు?" అన్నాడు సింహాద్రి మంచం మీద నుంచి తల ఎత్తి. "నన్ను రమ్మంటన్నారు. చోటిస్తన్నారు..."

వంటింట్లో ముత్యాలు అన్నం వారుస్తూ కూనిరాగం తీస్తోంది.

సింహాద్రి కళ్ళు చిట్లించి మళ్ళీ చూశాడు.

"అదేంటమ్మా... నీ వంక చూస్తా, ఇద్దరికి సరిపడా జరిగేరు?"