గుంపు మేస్త్రి రిటైర్మెంట్

అన్యాయం జరిగింది ఎవరికి? రెబెకాకు.

చేసింది ఎవరు? ఆమె భర్త సాంసన్.

ఎలా చేశాడు? దీనికి జవాబు చెప్పడమే కష్టం. సాంసన్ తాగుబోతు కాడు. భార్య మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. పదో తరగతితో ఆగిపోయిన ఆమెను నర్సు ట్రైనింగుకు పంపినవాడు కూడా అతనే. న్యాయం మాట్లాడదలచినప్పుడు ఆ సంగతి దాచకూడదు.

అతను చేసిన తప్పు ఒక్కటే: ఇంట్లో ఉండలేదు. పెళ్ళయిన మూడోనాడు గోపాల్‌పేట చర్చి ముందు లారీ ఆగింది. పుణె వైపు కాలువలు తవ్వడానికి వలసపోయే గుంపుతో పాటు కొత్త పెళ్ళికొడుకూ ఎక్కాడు. "ఈ ఒక్క పని అయిపోనీ, వచ్చి ఇంటిపట్టునుంట" అన్నాడు. ఆ ఒక్క పని నలభై ఏళ్ళకు దగ్గర పడింది. కూలీగా వెళ్ళినవాడు గుంపు మేస్త్రి అయ్యాడు. ఏటా వానలకు రావడం, దసరా దాటగానే పోవడం. ఆ కాస్త కాలమూ ఆమె దవాఖాన డ్యూటీల్లో, అతను గుంపు మనుషుల ఇళ్ళ చుట్టూ. ఒక్క కూతురు గీత పుట్టింది, పెరిగింది, పెళ్ళి చేసుకుని నాగర్‌కర్నూల్‌లో స్థిరపడింది. తండ్రి మాత్రం చుట్టంగానే మిగిలాడు.

ఈ వ్యవహారంలో రెండో ఫిర్యాదీ రెబెకా తల్లి నర్సమ్మ. పెళ్ళయిన కొత్తలో అల్లుడు భార్యతో కలిసి అత్తవారింటికి రావాలి. అత్త తన నోటితో "పోయి రాండ్రి" అనేదాకా కదలకూడదు. అది వారి ఇంటి ఆనవాయితీ. ఖిల్లా ఘణపూర్‌లో నర్సమ్మ ఇల్లు అలికి ఎదురుచూసింది. కూతురు ఒంటరిగా వచ్చింది, ఒంటరిగానే గడప దిగింది. ఆ తర్వాత సాంసన్ ఎన్నిసార్లు పూటకో గంటకో వచ్చిపోయినా, నర్సమ్మ లెక్కలో అతను ఇంకా రాని అల్లుడే.

జూలై నెలాఖరున, వనపర్తి ప్రభుత్వ దవాఖానలో స్టాఫ్ నర్సు రెబెకా రిటైర్మెంట్ ఫంక్షన్ జరిగింది. బయట వాన దంచి కొడుతోంది. హాలు గుమ్మం దగ్గర, నిలువునా తడిసిన ఒక తెల్లజుట్టు మనిషిని యమున అనే కొత్త నర్సు అడ్డగించింది.

"పెద్దాయనా, ఓపీ అయిపోయింది. రేపు పొద్దున రా."

"నేను పేషెంటును గాదమ్మా."

"మరి ఎవరి తాలూకు?"

"రెబెకమ్మ తాలూకు."

"మేడమ్ తాలూకా? ఏమైతవ్?"

"పెనిమిటిని" అన్నాడు, ఆ మాట తన నోటికి సరిపోతుందో లేదో చూసుకుంటున్నట్టు.

యమున లోపలికి పరుగెత్తింది. "మేడమ్! మీకు సార్ ఉన్నరా?"

"ఉన్నడు" అంది రెబెకా తల తిప్పకుండానే. "వానకాలం ఉంటడు."

ముందు వరుసలో చేతికర్ర పట్టుకుని కూర్చున్న నర్సమ్మ చెవిలో ఎవరో "అవ్వా, నీ అల్లుడొచ్చిండు" అని చెప్పారు.

"యాడ? ఇంకా రాలే గద" అంది నర్సమ్మ, అల్లుడి ముఖంలోకే చూస్తూ.

సాంసన్ ఆ మాట విననట్టు నటించి, సంచిలోంచి ఒక కవరు తీసి భార్య చేతిలో పెట్టాడు. ఎర్రని గద్వాల్ చీర.

"గద్వాల్ల రైలు దిగి తీసుకున్న" అన్నాడు నేల చూపులతో. "డ్యూటీ అయిపాయె గద. ఇగ తెల్లది ఎందుకని..."

రెబెకా చీర అంచు మీద వేలు పెట్టి, మళ్ళీ తీసేసింది. కఠినంగా ఉండాలని ఆమె ముందే నిర్ణయించుకుంది. కానీ ఆ ఎరుపు కొంచెం ఎక్కువ అందంగా ఉంది.

దండలూ శాలువాలూ అయ్యాక పెద్ద డాక్టరు అడిగారు: "సిస్టర్, రిటైర్ అయ్యాక ఏం ప్లాన్?"

తలా ఒక సలహా ఇచ్చారు. ఒకరు టూర్లన్నారు, ఒకరు మనవలన్నారు, ఒకరు ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగం ఉందన్నారు. రెబెకా మైకు అందుకుంది.

"నేను ఈ దవాఖానలో ఏ డ్యూటీకీ ఆలస్యంగా రాలేదు. నాకు రావలసిన సెలవులు కూడా పూర్తిగా వాడుకోలేదు. ఇకమీదట నేను చేయదలచుకున్న పని ఒక్కటే. నా భర్తతో కాపురం చేస్తాను."

హాలంతా చప్పట్లు, ఈలలు. యమున అయితే కుర్చీ మీదికెక్కింది. సాంసన్ ముఖం దాచుకోవడానికి తన సంచి కోసం వెతుక్కున్నాడు. అది నర్సమ్మ కర్ర కింద ఉంది. ఆమె వదల్లేదు.

*

కాపురం మొదటి రోజే గోలతో మొదలైంది.

తెల్లవారకముందే గోపాల్‌పేటలో వారి వీధి మొత్తం ఉలిక్కిపడి లేచింది. పక్కింటి రేణుకమ్మ లైటు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది సిస్టరమ్మా, దొంగలు పడ్డరా?"

"దొంగలు గాదు రేణుకా. మా ఆయన లేచిండు."

మేస్త్రి గరిటెతో పళ్ళెం మోగిస్తేనే గుంపు లేస్తుంది. సాంసన్ చెయ్యి అలవాటు ప్రకారం మోగించింది. లేవడానికి అక్కడ ఉన్నది ఒక్క రెబెకా.

తిన్న పళ్ళెం తానే కడుక్కునేవాడు. పక్క చుట్టి మూలకు పెట్టేవాడు. దేనికైనా అనుమతి అడిగేవాడు.

"సిస్టరమ్మా, జర ఫ్యానేసుకోవచ్చునా?"

"ఇదేమన్న వార్డా? నేను నీ పెండ్లాన్ని."

"మరి ఏమని పిల్వాలె?"

"పేరు పెట్టి పిలువు."

"రె..." అని మొదలుపెట్టి దగ్గు తెచ్చుకున్నాడు. "అలవాటు లేదు. మెల్లగ అంట."

సంచి మాత్రం సర్దినది సర్దినట్టే తలుపు పక్కన ఉండేది. "అటక మీద పెట్టరాదు?" అంటే "ఉండనీ, ఎప్పుడేమో" అనేవాడు. ఆ 'ఏమో' రెబెకాకు ముల్లులా దిగేది.

శనివారాలు ఆమె తన స్కూటీ తీసి, వనపర్తి బజారుకు అతన్ని వెనక కూర్చోబెట్టుకునేది.

"గట్టిగ పట్టుకో."

"ఏం పట్టుకోవాలె?"

"నన్ను."

"బజాట్లనా? అందరు చూస్తరు."

"చూడనీ. పెండ్లప్పుడు అందర్ని పిలిచే గద చేసుకుంటిమి."

మొదటి శనివారం అతను వెనక కడ్డీ పట్టుకున్నాడు. ఊరు దాటగానే ఒక స్పీడ్ బ్రేకర్ వచ్చింది. చెయ్యి ఎగిరి ఆమె భుజం మీద పడింది. చినుకులు మొదలైనా, రోడ్డు నున్నగా ఉన్నా, వనపర్తి వచ్చేదాకా ఆ చెయ్యి దిగలేదు. రెబెకా దారిలో ఇంకో రెండు స్పీడ్ బ్రేకర్లను కొంచెం వేగంగానే దాటించింది.

ఆ రాత్రి గీత ఫోన్ చేసింది. "అమ్మా, నాయిన ఎట్లుండు?"

"కొత్త పెండ్లికొడుకు లెక్కుండు. మాట్లాడడు, సిగ్గుపడ్తడు."

*

బతుకమ్మ పాటలు మొదలయ్యేసరికి సాంసన్ ఫోను కూడా మోగసాగింది. గుంపులో అతని తర్వాతివాడు బాలన్న ఒకనాడు ఇంటికే వచ్చాడు.

"మేస్త్రీ, పుణెల పని ఖాయమైంది. దసరా అయిన మర్నాడు డీసీఎం బండి వస్తది."

బాలన్న వెళ్ళాక సాంసన్ తలుపు పక్కనున్న సంచి దులిపాడు. భార్యతో అన్నాడు: "ఈ ఒక్క పని అయిపోనీ..."

రెబెకా ఏడవలేదు. కూరగాయలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టింది.

"నాకు గవర్నమెంటు చెప్పింది, ఇగ చాలు ఇంటికి పో అని. నీకెవరు చెప్తరు?"

"మేస్త్రికి రిటైర్మెంట్ ఏంది? చాతనైనన్ని దినాలు పోవుడే."

"చాతగానినాడు వచ్చి నా ముంగట పండుకుంటవా? అప్పుడు నేను మళ్ళ డ్యూటీ ఎక్కాల్నా? నాకు పేషెంటు వద్దు, మొగుడు గావాలె."

"గుంపు ఆగమైతది."

"సరే. అయితే నేను గూడ వస్త."

"యాడికి? రేకుల షెడ్డుకా? నువ్వుండలేవు."

"నువ్వున్నవు గద."

సాంసన్ నవ్వాడు. రెండు రోజులు పోతే ఆమే వద్దంటుందనుకున్నాడు. భార్యను ఏడాదికి ఒక్క వానాకాలం మాత్రమే చూసినవాడు చేయగల తప్పు అది. రెబెకా ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆ దవాఖానలో ఎవరూ చూడలేదు.

*

ఆ పొద్దున సన్నని జల్లు పడుతోంది. చర్చి ముందు డీసీఎం ఆగి ఉంది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ మూటలతో వెనక ఎక్కి కూర్చున్నారు. డ్రైవర్ పక్క సీటు ఎప్పుడూ మేస్త్రిదే. అందులో మేస్త్రి కూర్చుంటేనే బండి కదులుతుంది. ఆ సీటులో ఇంకెవరూ కూర్చోరు.

సాంసన్ వచ్చేసరికి ఆ సీటులో ఎర్రని గద్వాల్ చీర కట్టుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని రెబెకా కూర్చుని ఉంది.

వెనకనుంచి కేకలు లేచాయి. "కొత్త మేస్త్రి వచ్చింది!" "సిస్టరమ్మ ఉంటే మాకు జొరమొచ్చినా భయం లేదు!"

"దిగు" అన్నాడు సాంసన్.

"దిగ."

"అది మేస్త్రి సీటు."

"తెలుసు. అందుకే గూసున్న."

"ఏందే ఈ పరేషాన్? అందరు నవ్వుతుండ్రు."

"నవ్వనీ. నువ్వు పోయినప్పుడల్ల ఈడ నిలబడి చూసింది నేను. నన్ను చూసి ఎవ్వరు నవ్వలే. ఏడ్సినోళ్ళు గూడ లేరు. ఇయ్యాల నిజం చెప్పు. పని కోసమే పోతున్నవా?"

సాంసన్ తల మీది తువ్వాలు తీశాడు. జల్లు అతని తెల్లజుట్టు మీద నిలిచింది.

"పని కోసం గాదు" అన్నాడు మెల్లగా. "ఇంట్ల నాకు భయం."

"నేనేమన్న పులినా?"

"నువ్వు సిస్టరమ్మవి. నువ్వు బజాట్ల నడుస్తుంటే మంది లేసి నమస్తే పెడ్తరు. నేను మట్టి మోసినోన్ని. గుంపుల నేను మేస్త్రిని. ఇంట్ల నేనెవర్ని? నీతోని ఏం మాట్లాడాల్నో నాకు తెల్వదు. ఫోన్ల 'తిన్నవా' అనుడు తప్ప నాకు ఇంకో మాట వస్తదా? నువ్వంటే ఇష్టం లేక గాదు. ఇష్టముండబట్టే భయం. దగ్గరుంటే, వీడింతేనా అనుకుంటవని."

వెనక నవ్వులు ఆగిపోయాయి. డ్రైవర్ కూడా పక్కకు చూశాడు.

రెబెకా అతని వైపు తిరిగింది.

"ఎందరికో మందులిచ్చిన. ఎందరికో అన్నం తినిపిచ్చిన. నువ్వు తిన్నవా అని నన్ను రోజూ అడిగింది నువ్వొక్కనివే. ఆ మాట ఎదురుంగ గూసొని అడుగు. అంతకన్న ఎక్కువ మాటలు నాకొద్దు."

"మేస్త్రీ, జల్దిన చెప్పు, వాన పెద్దగైతుంది!" అని వెనకనుంచి ఒకామె అరిచింది.

సాంసన్ ఒక చెయ్యి చాచాడు.

"రెబెకా" అన్నాడు. ఈసారి దగ్గు రాలేదు. "దిగు. నేను ఎక్క."

ఆమె ఆ చెయ్యి పట్టుకుని దిగింది.

"బాలన్నా, ముందట గూసో."

"నేనా?" బాలన్న కదల్లేదు. "అది నీ సీటు, మేస్త్రీ."

"ఇగ నీది. ఆడోళ్ళకు నీళ్ళ దగ్గర షెడ్డు ఇప్పియ్యి. ఎవరన్న దవాఖానకు పోయినంటే కూలి కొయ్యకు. పెండ్లయిన కొత్తల ఎవడన్న గుంపుల చేరతనంటే..." సాంసన్ రెబెకా వైపు చూశాడు. "ఎక్కిచ్చుకోకు. ఇంటికి తోలు."

బాలన్న వంగి అతని కాళ్ళకు మొక్కి, ముందు సీటులో కూర్చున్నాడు. బండి కదిలింది. వెనకనుంచి చేతులు ఊపుతూనే ఉన్నారు. బండి మలుపు తిరిగేదాకా సాంసన్ నిలబడ్డాడు. అతను ఆ బండిని బయటనుంచి చూడడం అదే మొదలు.

ఆ చోటు నుంచి చూస్తే అది ఎంత త్వరగా కనుమరుగవుతుందో అతనికి అప్పుడు తెలిసింది.

"ఎన్నిసార్లు ఈడ నిలబడ్డవే నువ్వు?" అన్నాడు.

అతను ఆమె సంచి అందుకుని భుజానికి వేసుకున్నాడు.

"సంచులు సర్దే ఉన్నయి గద" అన్నాడు. "అత్తోళ్ళింటికి పోదామా?"

*

ఖిల్లా ఘణపూర్‌లో నర్సమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. అల్లుణ్ణి చూసి ఎప్పటి ప్రశ్నే అడిగింది.

"ఎన్నింటికి నీ బస్సు?"

"బస్సు లేదత్తా. నువ్వు పొమ్మన్నప్పుడు పోత."

నర్సమ్మ కూతురి ముఖం చూసింది. కూతురు తల ఊపింది. ముసలామె కర్ర గోడకు ఆనించి, లోపలికి కేక వేసింది: "కోడలా, కొత్తల్లుడొచ్చిండు. కాళ్ళకు నీళ్ళియ్యి!"

సాయంత్రానికి వాడకట్టు ఆడవాళ్ళందరూ కొత్తల్లుణ్ణి చూడడానికి వచ్చారు.

"ఏంది నర్సవ్వా, నీ కొత్తల్లునికి నెత్తి నెరిసింది?"

"తోవ దూరమైంది బిడ్డా. నడిచి వచ్చేవరకు గింతయింది."

నర్సమ్మ రోజూ తన చేతితోనే వడ్డించింది. ఇంకో ముద్ద అని బెదిరించింది. పగలు సాంసన్ బావమరిదితో పొలానికి వెళ్ళేవాడు. పొద్దు వాలాక భార్యాభర్తలిద్దరూ కోట గుట్ట దారిలో మోకాళ్ళు సహకరించినంత దూరం ఎక్కి, ఒక రాయి మీద కూర్చునేవారు. మొదట్లో మాటలు వెతుక్కోవలసి వచ్చేది. తర్వాత చీకటి పడింది కూడా గమనించేవారు కారు.

"మీ అమ్మ ఇంకా పొమ్మంటలేదు ఏందే?" అన్నాడొకనాడు.

"పోవాల్నా నీకు?"

"అడిగిన, అంతే."

నర్సమ్మ తొందరపడలేదు. తనకు నమ్మకం కుదిరిన నాటి పొద్దున ఇద్దరికీ కొత్త బట్టలు పెట్టింది. కర్ర ఊతంతో గడప దాకా వచ్చింది. అల్లుడి భుజం మీద చెయ్యి వేసింది.

"ఆ పొద్దు నా బిడ్డ ఒక్కతే ఈ గడప దిగింది. నేను ఎవ్వరికి చెప్పుకోలే. ఇయ్యాల నీతోని దిగుతుంది, నేను నా కండ్లతోని చూస్తున్న." ఆమె ఆ భుజం తట్టింది. "నాకు నీ మీద ఇగ ఏ బాకీ లేదు, అల్లుడా. పోయి రాండ్రి."

సాంసన్ ఒక్కడే ముందు నడవలేదు. రెబెకా చెయ్యి అందుకున్నాడు. ఇద్దరూ కలిసి గడప దిగారు.