నాలుగో చప్పుడు

స్కానింగు గదిలో పట్టపగలు కూడా చీకటే. తెర మీది నీడలు తేటగా కనబడాలంటే దీపాలు ఆర్పక తప్పదు. ఏసీ చలి, స్పిరిట్ వాసన, యంత్రం సన్నని హోరు... ఇరవై ఏళ్లుగా డాక్టరుకు ఆ చీకటి సొంత ఇల్లు వంటిది. మూడేళ్లుగా మాత్రం కాదు.

మూడేళ్ల కిందట ఇదే మంచం మీద అతని తమ్ముడు పడుకున్నాడు. "ఇంకెవరికీ చూపించలేను అన్నయ్యా. నువ్వైనా కళ్లు మూసుకుని చూడు," అని నవ్వి, సిగ్గు దాచుకోవడానికి జెల్లు తానే, ఒంటికి ఆనించే ప్రోబు మీద ధారగా పిండి చేతికందించాడు. వృషణంలో గడ్డ. ఉల్లిపాయను అడ్డంగా కోసినట్లు వలయాలు. అరుదైనదే గాని, ప్రాణానికి ముప్పులేని గడ్డ అలాగే ఉంటుంది. అందులో రక్తప్రవాహం లేదని, రక్తం కదలికను రంగుగా, చప్పుడుగా చూపే డాప్లర్ మీట నొక్కి సరిచూసుకుంటే చాలు. తమ్ముడి ముఖం చూడలేక, త్వరగా ముగించాలన్న తొందరలో, అన్న ఆ మీట నొక్కలేదు. ఫరవాలేదని రాసిచ్చాడు.

అది క్యాన్సరని తేలేసరికి ఆలస్యమైంది; పది నెలలకు తమ్ముడు లేడు. మూడుసార్లు కొట్టుకుని నాలుగోసారి తప్పే గుండె అతనిది. చిన్నప్పుడు ఆ ఛాతీకి చెవి ఆనించి లెక్కపెట్టడం అన్నకు ఆట.

ఈ మధ్యాహ్నం ఆఖరుగా వచ్చినవాడు బస్సు డ్రైవరు.

"బస్సుకైతే స్టెప్నీ ఉంటుంది డాక్టరుగారూ. దీనికీ ఉందనుకోండి... కానీ బయట మా ఆవిడ ఏడుపు ఆపడం లేదు."

"కదలకుండా పడుకోండి," అంది నర్సు.

తెర మీద అవే వలయాలు. డాక్టరు మీట నొక్కాడు. రంగు లేదు. రక్తం లేదు. ఊపిరి పీల్చుకోబోయాడు.

దడ్... దడ్... దడ్...

నిశ్శబ్దం.

డాక్టరు డ్రైవరు మణికట్టు పట్టుకుని చూశాడు. నాడి ఒక్క దెబ్బా తప్పడం లేదు.

"సిస్టర్... సౌండు ఆపండి."

"ఏ సౌండండీ? పొద్దున్నుంచీ ఆపే ఉంది."

తెర వైపు వంగాడు. ప్రోబు జరిగింది. చప్పుడు పెరిగింది. ఇంకొంచెం జరిపాడు... ఇంకా పెరిగింది. వలయాల వెనుక, అంచున, కందిగింజంత నల్లని మచ్చ. దాని నిండా ఎర్రగా రక్తం.

చప్పుడు ఆగిపోయింది.

"ఏమైనా ఉందాండీ?"

"ఉంది. చిన్నది. వాయిదా వెయ్యకుండా ఆపరేషన్ చేయించుకోండి, బయటపడతారు."

"అంటే... ఇక స్టెప్నీ మీదే నడపాలంటారు."

"నడపండి. చాలాకాలం నడుపుతారు."

రిపోర్టు తీసుకుని డ్రైవరూ, వెనకే నర్సూ బయటికి వెళ్లారు. డాక్టరు ప్రోబును శుభ్రంగా తుడిచి, కొక్కేనికి తగిలించి, ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

"ఇప్పటికైనా సరిపోయిందా, తమ్ముడూ?"

దడ్... దడ్... దడ్...

కుర్చీ వెనక్కి లాక్కున్నాడు. చప్పుడు సన్నబడింది. యంత్రం ఆపడానికి ముందుకు వంగాడు. చప్పుడు పెరిగి దడదడలాడింది.

"సిస్టర్... ఇంకా ఎవరున్నారు?"

తలుపు అవతల నుంచి జవాబు వచ్చింది. "ఎవరూ లేరండీ. మీరొక్కరే."

ఈ జబ్బు వచ్చినవారి అన్నదమ్ములు కూడా పరీక్ష చేయించుకోవాలని అందరికీ చెప్పేది అతడే. తాను మాత్రం ఏనాడూ ఆ మంచం ఎక్కలేదు.

మెల్లగా తల ఎత్తాడు.

ఇప్పుడే తుడిచి తగిలించిన ప్రోబు మీద, చల్లగా మెరుస్తూ, జెల్లు ధారగా పిండి ఉంది.