ముఖం మార్చుకున్న జ్వరం

పొద్దున్నే మిషను తొక్కుతున్న టైలరు మేస్త్రి, చిన్నకూతురు మాట పూర్తికాకముందే కాళ్ళు ఆపేశాడు.

“టీకా వేయించుకోకపోతే పాపను ముట్టుకోవద్దందా? మీ అక్కేనా ఆ మాటంది?”

“నెలలు నిండకుండా పుట్టిన పిల్ల నాన్నా. రేపే ఆసుపత్రి నుంచి ఇంటికొస్తోంది. అక్కకి భయం.”

“ఆ జ్వరం నాకు పోయినేడే వచ్చిపోయింది. నా ఒంటికి దాని ముఖం తెలుసు.”

“అది ముఖం మార్చుకుంది.”

“ఎంత మారితే మాత్రం!”

“ప్లీడరు గారి కోటు పాత కొలతలతోనే కుట్టావుగా. బొత్తం పట్టిందా?”

“అది ఆయన పొట్ట తప్పు!”

నవ్వుకోవలసిన చోట ఇద్దరికీ కోపమే వచ్చింది. “తాతనై ఉండి పరాయివాణ్ణయ్యాను” అన్నాడు మేస్త్రి.

చిన్నకూతురు వైరస్‌ల పరిశోధనశాలలో పనిచేస్తుంది. అక్కడి పరీక్షల కోసం ఆయన మొన్ననే రక్తమిచ్చాడు. ఇక వాదించకుండా, “నీ రక్తాన్నే అడుగుదాం రా” అని వెంటబెట్టుకెళ్ళింది.

అక్కడ అరచేతిలో పట్టే పలక, దాని నిండా గింజంత గుంటలు. ఒకదాని అడుగున పోయినేటి వైరస్ ముక్కలు, పక్కదానిలో ఈ యేటివి. రెండింటిలోనూ ఆయన రక్తపు తేటే పోసి, కడిగి ఉంచారు. రక్తం వైరస్‌ను ఎంత గట్టిగా పట్టుకుందో రంగుతో తేల్చే మందు చుక్కలు ఆమె వేసింది. చూస్తుండగానే మొదటి గుంట ముదురు పసుపైంది. రెండోది లేతగానే ఉండిపోయింది.

“అంటే నా రక్తం ఓడిపోయిందా?”

“లేదు నాన్నా, పోల్చుకుంది. గట్టిగా పట్టుకోలేకపోతోంది అంతే. సరిగ్గా పట్టు దొరికే చోటే అది మారింది. టీకా కొత్త ముఖం చూపిస్తే, పాత జ్ఞాపకమున్న కణాలు లేస్తాయి. తమను తామే రకరకాలుగా మార్చుకుంటాయి. గట్టిగా పట్టుకోగలిగినవే నిలుస్తాయి.”

“ఎవరు నేర్పారే వాటికి?”

“ఎవరూ నేర్పలేదు.”

మేస్త్రి తన ముంజేతిని కొత్తగా చూసుకున్నాడు. తను నిద్రపోయినా, అలిగినా, మొండికేసినా లోపల ఇంత పని జరుగుతోందా! కళ్ళు చెమర్చాయి.

“మరి ఆ పసిదాని లోపల?”

“అమ్మ ఇచ్చిన రక్షణ కొంచెం. ముందే పుట్టింది కదా, అదీ తక్కువే. దానికింకా ఏ జబ్బు ముఖమూ తెలియదు.”

ఆయన అక్కడే పెద్దకూతురికి ఫోన్ చేశాడు. “అమ్మడూ, ఇవాళే వేయించుకుంటున్నా. టీకా పనిచేసేదాకా మీ గుమ్మం దాటి లోపలికి రాను. పాప ఒంటికి ఇంకా ఎవరూ తెలియరట తల్లీ. ముందు మనల్ని తెలుసుకోనీ.”

అవతల ఏడుపు ఆపుకుంటూ పెద్దకూతురు, “రేపు మా కిటికీ దగ్గరికి రా నాన్నా, పాపను చూపిస్తా” అంది.