ఖాళీ కుర్చీ కొలత

మా తమ్ముడు పాటలు వినడానికి ఒక గది తయారు చేసుకున్నాడంటే మీరేదో పెద్ద మేడ ఊహించుకుంటారు. అదేం లేదు. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో చుట్టాలొస్తే పడుకునే గది. అందులోంచి మంచం బయటికి పోయింది. మంచంతోపాటే నాలాంటి చుట్టాలూ పోయారు. ఇప్పుడక్కడ ఒక కుర్చీ, దానికి ఎదురుగా నా భుజం ఎత్తు స్పీకర్లు రెండు, కిటికీలకి దుప్పట్లంత మందం కర్టెన్లు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల చీకటే.

నేను ప్రార్థన మందిరంలో దేవుడి పాటలు పాడేదాన్ని. నలుగురు ఎదురుగా కూర్చుంటే తప్ప నాకు గొంతు పెగలదు. వాడికేమో పక్కన మనిషి కదిలితే చిరాకు. ఒకే కడుపున పుట్టి ఇలా ఎలా తయారయ్యామో ఆ పైవాడికే తెలియాలి.

"నువ్వు మైకు పట్టుకుంటే తేనెపట్టుకి రాయి తగిలినట్టుంటుందక్కా" అనేవాడు.

"నీ ముందు పాడేకన్నా తేనెటీగల ముందు పాడటం నయంరా. అవైనా లేచి నిలబడతాయి" అనేదాన్ని.

అలా నవ్వుకునేవాళ్లం. నవ్వులు ఇక్కడితో సరి.

ఒక ఆదివారం మరదలు ఫోన్ చేసింది. చేతిని నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది.

"వదినా, ఒకసారి రండి. ఆయన ఫ్రిజ్ కూడా ఆపేయిస్తున్నారు."

వెళ్లేసరికి ఇల్లంతా విరిగిన పాల వాసన. మిక్సీ వేయకూడదట, కుళాయి తిప్పకూడదట. ఆ పిల్ల తన సొంత ఇంట్లో మేజోళ్లు వేసుకుని దొంగలా నడుస్తోంది.

"ఏంట్రా ఈ వాలకం?" అని నిలదీశాను.

"కంప్యూటర్‌తో పాట వింటే ఇదే తంటా అక్కా. దాని ఫ్యాను ఒక రొద, కరెంటు ఒక రొద. ఒక్కొక్కటీ ఏరి పారేస్తున్నా."

నిజంగానే ఏరి పారేశాడు. కంప్యూటర్‌ని పక్క గదిలోకి మార్చి, గోడకి బెజ్జం కొట్టి వైరు లాగాడు. అందులోని అంకెల్ని పాటగా మార్చే చిన్న పెట్టెను బ్యాటరీ మీద నడుపుతున్నాడు. ఇక గది ఒక్కటే మిగిలిందన్నాడు.

గోడలు కొన్ని శబ్దాల్ని పెంచుతాయట, కొన్నిటిని మింగుతాయట. అది కొలవడానికి ఒక పద్ధతుంది. కుర్చీలో తల ఉండే చోట మైకు నిలబెట్టి, అందరూ బయటికొచ్చి తలుపు మూసెయ్యాలి. స్పీకర్లు అడుగు స్వరం నుంచి పై స్వరం దాకా ఒకే ఊళ వేస్తాయి. మైకు విన్నదాన్ని కంప్యూటర్ ఒక గీతగా గీస్తుంది. ఆ గీతలో మిట్టలు చెక్కి, గుంటలు పూడ్చి, ఇకమీదట ప్రతి పాటనీ అలా దిద్ది పంపుతుంది.

"మరి మనం బయటికెందుకు?"

"మనిషి ఒళ్లు శబ్దాన్ని తాగేస్తుందక్కా. నువ్వు లోపలుంటే గీతలో నీ అంత గుంట పడుతుంది." నా నడుం వైపు చూశాడు. "చెరువే పడుతుంది."

ముగ్గురం పక్క గదిలో కంప్యూటర్ ముందు నిలబడ్డాం. వాడు మీట నొక్కాడు. ఊళ ముందు నా అరికాళ్లలో మొదలైంది. తర్వాత గుండెలోకి పాకింది. ఆపైన పళ్లు జివ్వుమన్నాయి. అక్కడితో ఆగింది.

గీత నున్నగా సాగింది, మధ్యలో ఒక్కచోట తప్ప. అక్కడ దిగబడిపోయింది.

తమ్ముడి ముఖంలో నెత్తురు లేదు. "లోపలెవరు?"

"ముగ్గురం ఇక్కడే ఉన్నాం కదరా."

వెళ్లి చూశాడు. కుర్చీ వెనక చూశాడు, కర్టెన్లు దులిపాడు. ఎవరూ లేరు. మళ్లీ కొలిచాడు. మళ్లీ అదే గుంట, ఈసారి ఇంకాస్త వెడల్పుగా.

"ఎవరో కూర్చుని వింటున్నట్టే ఉంది" అని గొణిగాడు.

ఇంకెవరైనా అయితే కుర్చీని అటో ఇటో జరిపేవారు. దేవుడా అని దణ్ణం పెట్టుకుని తలుపుకి తాళం వేసేవారు. కానీ కుర్చీకి ఆ చోటు వెతకడానికి వాడు ఎన్ని తిప్పలు పడ్డాడో! కుర్చీ జరపడమంటే ఓడిపోవడమే వాడి లెక్కలో. దిద్దమని నొక్కేశాడు. అంటే... లోపల ఉన్నదేదో ఎంత శబ్దం తాగుతోందో, ఇకమీదట అంతకంత ఎక్కువ పొయ్యమని యంత్రానికి చెప్పాడు.

"రా, మీ మందిరంలో రికార్డు చేసిన నీ పాటే పెడతాను" అని నన్ను తీసుకెళ్లి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు.

పాట మొదలైంది. గొంతు నాదే. కానీ అది నా దగ్గరికి రావడం లేదు. రెండు పక్కల నుంచీ వచ్చి, నా చెవుల్ని ఒరుసుకుంటూ నా వెనక్కి పోతోంది. వెనక ఉన్నది కుర్చీ వీపే కదా... మరి అది ఎందుకు మెత్తగా ఉంది? ఎందుకు పొంగుతోంది, తగ్గుతోంది? తడి ఉన్నిబట్ట వాసన వేసింది. నా తొడల కింద ఇంకెవరివో తొడలు. నేను కుర్చీలో లేను. ఎవరి ఒళ్లోనో ఉన్నాను.

కెవ్వుమని లేచాను.

తమ్ముడు నన్నెప్పుడూ అలా చూడలేదు. పరాయి మనిషిని చూసినట్టు చూశాడు.

"లేచావుగా, ఇక బయటికి పో. అది నీ కోసం దిద్దింది కాదు."

వాడే కూర్చుని, వాలాడు. కళ్లు మూసుకున్నాడు.

ఆ తర్వాత వాడు నా ఫోన్ ఎత్తలేదు. ఆఫీసుకి వెళ్లడం మానేశాడు. మరదలు ఆ గది గుమ్మం ముందు పళ్లెం పెట్టడం, అది అలాగే తిరిగి రావడం. చివరికి ఒకరోజు ఏడుస్తూ ఫోన్ చేసింది.

"తలుపుకి చెవి పెట్టి వింటే ఇద్దరు ఊపిరి తీస్తున్నట్టుంది వదినా. ఇవాళ... ఒక్కటే వినిపిస్తోంది."

నేను పరుగున వెళ్లాను. దేవుణ్ణి తలుచుకుని తలుపు తోశాను.

నా పాటే మోగుతోంది. చీకట్లో తమ్ముడు కుర్చీలో ఉన్నాడు. చొక్కా వాడి ఒంటి మీద కాకుండా చిలక్కొయ్యకి తగిలించినట్టుంది. పెదవులు కదిలాయి.

"అక్కా... దగ్గరికి రాకు."

"లేవరా, ఇంటికి పోదాం."

"లేవనివ్వదు. పట్టుకుంది."

"ఏం చేస్తోందిరా నిన్ను?"

"తాగుతోంది..." గుటక మింగాడు. "మొదట్లో పాటనే తాగేది."

వాడి చెయ్యి పట్టి లాగాను. ఆ చెయ్యి దూదిలా తేలిగ్గా ఉంది. అయినా రాలేదు. నేను లాగినకొద్దీ అవతలి నుంచీ లాగుతున్నారు... తొందరేమీ లేకుండా, సరదాగా.

"దిద్దింది తీసెయ్యక్కా" అన్నాడు చెవిలో. "కడుపు మాడితే అదే పోతుంది. తొందరగా..."

నేను గుమ్మం దాటీ దాటగానే తలుపు నా వెనక ధడాల్న మూసుకుంది. మరదలు అప్పటికే కంప్యూటర్ ముందుంది. ఆ పిల్ల చేతి మీద నా చెయ్యి వేసి, దిద్దుబాటు తీసేసే మీట ఇద్దరం కలిసి నొక్కాం.

లోపల నా పాట పీలగా మారింది. తర్వాత ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో... ఒక పీల్పు. ట్యాంకు అడుగున మిగిలిన నీళ్లు గొట్టంలోకి పోయినట్టు, పొడుగ్గా, గరగరమంటూ. ఆ తర్వాత ఏమీ లేదు.

"ఏమండీ?" అంది మరదలు.

నేను గోడ బాదాను.

"తమ్ముడూ!"

"పోయిందక్కా!" హుషారుగా వినిపించింది వాడి గొంతు. "తలుపు తియ్యకండి, ఒక్కసారి కొలిచి చూడండి. నేను కుర్చీలోనే ఉన్నా, మైకు నా తల పక్కనే పెట్టుకున్నా. నా ఒక్కడి గుంటే పడిందంటే ఇక భయం లేదు."

నాకు కన్నీళ్లొచ్చాయి. దేవుడు నా మొర విన్నాడనుకున్నాను. మరదలు మీట నొక్కింది. అరికాళ్లలో ఊళ, గుండెలో ఊళ, పళ్లలో జివ్వు. గీత మెల్లగా గీసుకుంటూ పోయింది.

గుంట లేదు.

చిన్నది కూడా లేదు. ఈ చివర నుంచి ఆ చివరి దాకా నున్నగా, తిన్నగా... లోపల ఎవరూ లేని గదికి ఎలా రావాలో అలా వచ్చింది.

మరదలికి ఆ గీతలతో పని లేదు. తలుపు తెరుచుకోగానే పరిగెత్తి వాడి మెడ కావలించుకుంది. వాడు నవ్వుతూ దాని భుజం మీదుగా నా వైపు చూశాడు.

"ఎలా వచ్చిందక్కా?"

"బాగా వచ్చిందిరా" అన్నాను. ఏమనమంటారు?

ఇప్పుడు బాగున్నాడు. ఉద్యోగానికి పోతున్నాడు, వేళకి తింటున్నాడు, ఒళ్లు కూడా చేశాడు. స్పీకర్లు ఎవరికో ఇచ్చేశాడు. ఫ్రిజ్ మోగినా పట్టించుకోడు. మరదలు నాకు చేతులెత్తి దణ్ణం పెడుతుంది.

ప్రతివారం మా ప్రార్థనకి కూడా వస్తున్నాడు. ముందు వరసలో, సరిగ్గా నా ఎదురుగా కూర్చుంటాడు. అందరూ కళ్లు మూసుకుంటారు, వాడు మూసుకోడు. నేను పాడుతూనే ఉంటాను. ఇన్నేళ్లుగా పాడుతున్న గొంతు కదా, అది ఎవరి దగ్గర ఆగుతుందో నాకు తెలుస్తుంది. ఆ చివర ముసలమ్మ దగ్గర ఆగుతుంది. ఈ చివర పసిపిల్ల దగ్గర ఆగుతుంది.

వాడి దగ్గర ఆగదు. వాడిలోంచి పోయి, వెనక గోడకి తగిలి, తిరిగి నా దగ్గరికి వస్తుంది.